ఒంటి పిన్నుతో సంగీతం

మైక్రోకంట్రోలర్ పిన్నుకి తెలిసినవి రెండే ముక్కలు: 5 వోల్టులు, లేకపోతే సున్నా. మరి మధ్యలో ఒకటిన్నర వోల్టు కావాలంటే?

తిన్నని దారి ఒకటుంది. 8 పిన్నులకి రెసిస్టర్లని నిచ్చెనలాగా కడితే 256 మెట్లు వస్తాయి. 1980ల చివర్లో కోవాక్స్ కంపెనీ పీసీ ప్రింటర్ పోర్టుకి తగిలించుకోమని అమ్మిన 'స్పీచ్ థింగ్' లోపల ఉన్నది ఇదే. బానే ఉంది గానీ, చిప్పుకి ఉన్నవే 8 కాళ్ళయితే ఏం చేస్తాం?

అప్పుడు పేదవాడి దారి పట్టాలి. 1977 నాటి ఆపిల్ 2లో స్పీకరుకి ఒక్క బిట్టే దిక్కు. ప్రోగ్రాము ఒక అడ్రసుని ముట్టుకున్నప్పుడల్లా స్పీకరు 'టిక్కు' మంటుంది, అంతే. 1982లో వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ దీ అదే కథ. బీప్ మోగుతున్నంతసేపూ పాపం ప్రాసెసరుకి వేరే పని చేసే తీరిక ఉండదు. పిన్నులు మిగిల్చాం, బదులుగా టైము కట్టాం అన్నమాట.

ఆ టిక్కుల వెడల్పుని మారిస్తే ఇంకా మజా. పిన్నుని చకచకా ఆన్, ఆఫ్ చేస్తూ నూటికి 30 వంతులు ఆన్‌లో ఉంచితే సగటు ఒకటిన్నర వోల్టు! ఇదే పల్స్ విడ్త్ మాడ్యులేషన్. ఇలాంటి కిటుకుతోనే 1980ల చివర్లో యాక్సెస్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు 'రియల్‌సౌండ్' పేరుతో పీసీలోని బుల్లి స్పీకరు చేత మాటలు కూడా పలికించారు.

ఇంకా తెలివైన పద్ధతిని 1962లోనే జపాన్‌లో ఇనోసే, యసుదా, మురకామి రాసిపెట్టారు: డెల్టా-సిగ్మా. కొట్టువాడు ఇవ్వాల్సిన చిల్లర గుర్తుపెట్టుకుని తర్వాతి బేరంలో సర్దినట్టు, ఈ పల్సులో వచ్చిన తేడాని తర్వాతి పల్సులో సర్దడం. తర్వాత 'ఒక బిట్' సీడీ ప్లేయర్లు నడిచింది ఈ లెక్క మీదే.

ఇంతకీ నా గోల ఏంటంటే, ఆర్డుయినోలో 'అనలాగ్‌రైట్' అన్న పేరు ఈ కథనంతా మింగేసింది. పాత ఊనో బోర్డులో అది ఇచ్చేవి చాలా పిన్నుల్లో సెకనుకి సుమారు 490 పల్సులు, అంతే. ఎల్ఈడీకైతే మన కన్ను సగటు తీస్తుంది, మోటారుకి దాని బరువే తీస్తుంది. అదే తీగ నేరుగా యాంప్లిఫయరుకి తగిలిస్తే వినిపించేది మన పాట కాదు, ఆ పల్సుల గీ... 2023 నాటి ఊనో ఆర్4లో ఒక పిన్నుకి నిజం అనలాగ్ వచ్చింది, కానీ మిగతా పిన్నులకీ అదే పేరు!

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ సగటు తీసేది ఎవరు? కన్నా, మోటారా, స్పీకరా, కెపాసిటరా? జవాబు దొరక్కపోతే మీ సర్క్యూట్లో అనలాగ్ ఇంకా పుట్టలేదన్నట్టే.