పరిశోధన బృందంలో ఆపరేషన్స్ మేనేజర్: ఎవరు, ఏం చేస్తారు?

బెంగళూరులో ఐఐఎస్‌సీ, చెన్నైలో మద్రాసు ఐఐటీ, పుణెలో ఐసర్, భువనేశ్వర్‌లో నైసర్... మనవాళ్లు తరాలుగా స్థిరపడిన రాష్ట్రాల్లోనే పెద్ద పరిశోధన సంస్థలున్నాయి. అక్కడి ప్రాజెక్టుల గురించి చెప్పుకునేటప్పుడు ప్రొఫెసర్లు, పీహెచ్‌డీ విద్యార్థుల మాటే వస్తుంది. కానీ నిధులు, కొనుగోళ్లు, నియామకాలు, గడువులు చూసే మనిషి కూడా ఒకరు కావాలి. ఆ పనే ఆపరేషన్స్ మేనేజర్‌ది. మన దేశంలో ప్రాజెక్ట్ మేనేజర్, ల్యాబ్ మేనేజర్ అనే పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. చిన్న బృందాల్లో విడిగా ఎవరూ ఉండరు. ప్రొఫెసరు, సీనియర్ విద్యార్థులే ఈ భారం మోస్తారు.

నిధులు, లెక్కలు

ఏ ప్రశ్నపై, ఏ పద్ధతిలో పరిశోధన సాగాలో ప్రధాన పరిశోధకులు నిర్ణయిస్తారు. అందుకు కావలసినవన్నీ వేళకు అందేలా చూడటం మేనేజర్ బాధ్యత. ప్రభుత్వ గ్రాంటు సాధారణంగా విడతలుగా వస్తుంది. ఖర్చయిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం పంపాలి. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్-2017 ప్రకారం స్వయంప్రతిపత్తి సంస్థలు దీన్ని ఫారం 12-ఎ లో ఇస్తాయి. గ్రాంటుపై వచ్చిన వడ్డీని కూడా ప్రభుత్వానికి జమచేయాలి.

ఈ పత్రం ఆలస్యమైతే తరువాతి విడత ఆగిపోవచ్చు. అప్పుడు ముందుగా ఇబ్బంది పడేది ప్రాజెక్టు నిధులతో బతికే జేఆర్‌ఎఫ్‌లే. 2023లో సవరించిన రేటు ప్రకారం జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. ఊరుకాని ఊళ్లో అద్దె కట్టుకునే విద్యార్థికి రెండు నెలలు అది అందకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కొనుగోళ్లు, అనుమతులు

జెమ్ పోర్టల్, కొటేషన్లు, కొనుగోలు కమిటీ, టెండరు... వస్తువును, దాని విలువను బట్టి దారి మారుతుంది. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్రీయ సంస్థలకు కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని 1 లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. విదేశాల నుంచి వచ్చే సరుకుకు కస్టమ్స్ కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి. చల్లగా ఉంచాల్సిన ఎంజైము విమానాశ్రయంలో నిలిచిపోతే పాడైపోతుంది. ఆ ప్రయోగం మళ్లీ మొదటికొస్తుంది.

మనుషులపై జరిపే వైద్య పరిశోధనకు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ అనుమతి గడువు దాటకుండా గుర్తుపెట్టుకోవడమూ మేనేజర్ పనే.

ఎవరికి తగిన ఉద్యోగం?

సైన్సు చదివి లెక్కలపై పట్టున్నవారికి, ల్యాబ్ పని తెలుసుకునే ఓపిక ఉన్న కామర్స్ పట్టభద్రులకు ఇది నప్పుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే డీబీటీ-వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ ఈ వృత్తిని బలపరచడానికి 2018లో ఇండియా రిసెర్చ్ మేనేజ్‌మెంట్ ఇనిషియేటివ్ ప్రారంభించింది.

అయితే ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. గ్రాంటు ముగిస్తే కొలువూ ముగుస్తుంది, సంపాదించిన అనుభవం ఆ మనిషితోనే వెళ్లిపోతుంది. అందుకే చేరేముందే కాలపరిమితి, పొడిగింపు అవకాశం కనుక్కోవాలి. పీహెచ్‌డీకి వెళ్లే పిల్లలు కూడా మూడు సంగతులు అడగాలి: ఫెలోషిప్ ఏ నిధి నుంచి వస్తుంది, ఆ నిధి ఎప్పటివరకు ఉంటుంది, దాని లెక్కలు ఎవరు చూస్తారు?