పంతొమ్మిది అంగుళాల చట్రం గోడెక్కిన కథ

సర్వర్లను బిగించే ఇనుప చట్రం (ర్యాక్) ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. దాదాపు నూరేళ్లుగా ఈ కొలత మారలేదు. లోతు మాత్రం బాగా మారింది. టెలిఫోన్ల కాలంలో ఆ చట్రానికి బిగించిన పలకలు పలచగా ఉండేవి. ఇప్పటి ర్యాక్ సర్వర్ వెనక్కి రెండడుగులకు పైగా సాగి ఉంటుంది. చిన్న ఆఫీసులో, దుకాణంలో, బడిలో గోడకు సర్వర్ బిగించాలనుకున్నవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఈ లోతు వల్లా, దాని వెంట వచ్చిన వేడి వల్లా పుట్టినవే.

చట్రం టెలిఫోన్ నుంచి వచ్చింది. 1915 జనవరిలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య టెలిఫోన్ లైను ప్రారంభమైంది. అంత దూరం వెళ్లేసరికి మాట సన్నబడిపోతుంది కాబట్టి దారి మధ్యలో వాక్యూమ్ ట్యూబుల రిపీటర్లు పెట్టి దాని బలం పెంచేవారు. దూరపు లైన్లు పెరిగేకొద్దీ రిపీటర్లతో ఎక్స్ఛేంజిల గదులు నిండిపోయాయి. ఒక్కో పరికరం ఒక్కో కొలతలో ఉంటే చోటు చాలదని ఏటీ అండ్ టీ సంస్థ 1920ల తొలినాళ్లలో పలకలన్నిటికీ ఒకే కొలత నిర్ణయించింది. రేడియో, రక్షణ, కంప్యూటర్ రంగాలు తర్వాత దాన్నే తీసుకున్నాయి. ఎత్తును 1.75 అంగుళాల చొప్పున లెక్కిస్తారు. అదే ఒక ‘యూ’. ఒక యూలో మూడు రంధ్రాలు ఉంటాయి, కానీ వాటి మధ్య దూరం ఒకేలా ఉండదు. రెండుసార్లు 15.9 మిల్లీమీటర్లు, మూడోసారి 12.7. మొదటిసారి బిగించేవారు ఇక్కడే పొరబడతారు. ఒక్క రంధ్రం తప్పితే మర పట్టదు, పట్టినా సర్వర్ వంకరగా కూర్చుని పక్కదానికి తగులుతుంది. ఇరుకైన ఆ సందు దగ్గరే ఒక యూ ముగిసి ఇంకొకటి మొదలవుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

వేడి సంగతి తొలి కంప్యూటర్ల నాడే తెలిసివచ్చింది. 1946 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌లో సుమారు 18 వేల ట్యూబులు, 40 పలకలు ఉన్నాయి. వాటిని గది మూడు గోడల వెంట నిలబెట్టారు. అది వాడుకున్న కరెంటు దాదాపు 150 కిలోవాట్లు. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది కాబట్టి గాలి తోసే పెద్ద బ్లోయర్లు కూడా యంత్రంలో భాగమయ్యాయి. తర్వాత పెద్ద యంత్రాలు నీటి దారి పట్టాయి. 1980లో ప్రకటించిన ఐబీఎం 3081 కంప్యూటర్ చిప్పుల వేడిని నీరే మోసుకుపోయింది. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో సర్క్యూట్లను ఏకంగా కరెంటు పారని ద్రవంలో ముంచారు. చిన్న ఆఫీసులకు ఆ భోగం లేదు. వాటికి మిగిలింది గాలి, ఫ్యాను.

1990ల చివర ఇంటర్నెట్ విస్తరించాక ఒక్క యూ ఎత్తులోనే మొత్తం సర్వర్‌ను ఇమిడ్చారు. 1998లో కోబాల్ట్ నెట్‌వర్క్స్ తెచ్చిన ‘ర్యాక్’ (RaQ) అనే సర్వర్ అలాంటిదే. ఎత్తు తగ్గాక సామగ్రికి లోతు ఒక్కటే మిగిలింది, సర్వర్లు వెనక్కి సాగాయి. 1.75 అంగుళాల ఎత్తులో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే పడతాయి. అంత చిన్న ఫ్యాను చాలినంత గాలి తోయాలంటే నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరగాలి. పని ఎక్కువైనప్పుడు సర్వర్ అంతగా హోరెత్తడానికి కారణమిదే.

ఇలాంటి సర్వర్‌ను మామూలుగా అడ్డంగా గోడకు బిగిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. సామానుతో కలిపి 30 కిలోల క్యాబినెట్ గోడ నుంచి 600 మిల్లీమీటర్లు ముందుకు వచ్చిందనుకుందాం. దాని బరువు గోడకు 300 మిల్లీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. పై వరస బోల్టులకు, కింది వరసకు మధ్య 400 మిల్లీమీటర్లు ఉంటే పై బోల్టులను గోడలోంచి ఊడలాగే బలం ఇరవై రెండున్నర కిలోలు. బరువైన తలుపు పై బందును లాగినట్టే ఇదీ లాగుతుంది. అదే సర్వర్‌ను నిలువుగా తిప్పి, లోతు గోడ వెంట పైనుంచి కిందికి వచ్చేలా పెడితే, నాలుగు యూల చట్రం గోడ నుంచి 200 మిల్లీమీటర్లలోపే ఆగుతుంది. బోల్టు వరసల మధ్య 600 మిల్లీమీటర్ల ఎడం కూడా దొరుకుతుంది. అప్పుడు అదే 30 కిలోలకు పై బోల్టుల మీద పడే లాగుడు ఐదు కిలోలు. గోడకు సర్వర్ పెట్టక తప్పనిచోట నిలువు చట్రమే మేలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సర్వర్ ముందు పలకకు రెండు పక్కలా ఉండే చెవులకు పెట్టిన మరలు సర్వర్ కదలకుండా పట్టుకోవడానికే. బరువంతా వాటికే వేలాడకూడదు, కింద ఆనుకునే బ్రాకెట్ ఉండాలి.

గోడ రకం కూడా చూడాలి. అమెరికాలో లోపలి గోడలు చాలావరకు జిప్సమ్ బోర్డువే. వాటి వెనక సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిట్టాళ్లు ఉంటాయి. అందుకే అక్కడి టెలికం గదుల్లో ముందు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను నిట్టాళ్లకు బిగించి, పరికరాలను దానికి బిగించే అలవాటు స్థిరపడింది. మన దగ్గర తొమ్మిదంగుళాల ఇటుక గోడకు యాంకర్ బోల్టులు బాగానే పడతాయి. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ, తేలికపాటి సిమెంటు ఇటుకల గోడ అంత నమ్మదగినవి కావు. తేలిక ఇటుకకు దానికోసమే చేసిన యాంకర్ కావాలి. బోల్టు పట్టు ఇటుకలో ఉండాలి గాని పైపూతలో కాదు.

ఇక గాలి. ర్యాక్ సర్వర్ ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడిగాలి వదులుతుంది. డేటా సెంటర్లలో వరసలను ఎదురెదురుగా నిలిపి చల్లగాలి దారినీ వేడిగాలి దారినీ వేరుచేసే పద్ధతిని 1992లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ సల్లివన్ తెచ్చారు. గోడ మీది ఒంటరి సర్వర్‌కూ అదే సూత్రం. మూతి కిందికి, వెనక భాగం పైకి ఉంటే వేడిగాలి తన సహజమైన దారినే పోతుంది. మూతి పైకి పెడితే దుమ్ము, పైనుంచి రాలే మరలు లోపల పడతాయి. పైన సీలింగు మరీ దగ్గరగా ఉంటే వేడిగాలి అక్కడే నిలిచి మళ్లీ సర్వర్ మూతికే చేరుతుంది. 300 వాట్ల సర్వర్ గుండా పోయే గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు 25 లీటర్ల గాలి కావాలి. తలుపులు మూసిన పదడుగుల గదిలో గోడలు ఏమీ పీల్చుకోకపోతే ఆ ఒక్క సర్వరే రెండు నిమిషాలకో డిగ్రీ చొప్పున గాలిని వేడెక్కిస్తుంది. గాలి బయటికి పోయే దారి లేని గదిలో ఫ్యాన్లు ఎన్ని పెట్టినా అదే గాలి తిరుగుతుంది.

ఏసీ లేకుండా యంత్రాన్ని బతికించిన మంచి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1984లో ఏర్పడిన టెలికం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలై, తెలుగు పల్లెలతో సహా దేశమంతటికీ చేరింది. ఎండకూ దుమ్ముకూ తట్టుకోవాలని, తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో పనిచేసే చిప్పులనే దానికి ఎంచుకున్నారు. గోడ మీద పెట్టే సర్వర్‌ను కొనేటప్పుడు కూడా ఆ ఇంజనీర్లలాగే ముందు వాట్లు చూడాలి.

అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే 2004లో సర్వర్ మూతి దగ్గర గాలి 20 నుంచి 25 డిగ్రీలు ఉండాలంది. 2008లో ఆ హద్దును 18 నుంచి 27కి సడలించింది. ఇక గోడకు సర్వర్ పెట్టుకునేవారు డ్రిల్లు పట్టకముందు గోడలో కరెంటు తీగలు, నీటి పైపులు ఎక్కడున్నాయో కనుక్కోండి. చట్రానికి ఎర్తింగు ఇవ్వండి. సర్వర్‌ను ఇద్దరు పట్టుకుని ఎక్కించండి. ఆ తర్వాత మండు వేసవిలో, గది తలుపులు మూసి, పూర్తి పనిలో ఒక రోజంతా నడిపి చూడండి. మూతి దగ్గర పెట్టిన థర్మామీటర్ ఆష్రే చెప్పిన 27 డిగ్రీలు దాటితే, ఆ గదిలో గాలి దారి మార్చేవరకు ఆ సర్వర్‌ను అక్కడ నడపకండి.