కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నారా? విండోస్ వదిలే ముందు పాత ఉర్దూ, తెలుగు ఫైళ్ల సంగతి చూసుకోండి

ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది. కొత్తది కొనాలని షాపుకు వెళ్తే సేల్స్‌మెన్ "మ్యాక్ తీసుకోండి, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు" అంటాడు. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి "లినక్స్ వేస్తే పైసా ఖర్చు లేదు" అంటాడు. దుబాయ్‌లో ఉన్న బావమరిది "నేనొచ్చేటప్పుడు ఇక్కడి నుంచి ఒకటి తెస్తా" అని ఫోన్ చేస్తాడు. ముగ్గురూ మంచి మాటే చెప్తున్నారు. కానీ పాత ల్యాప్‌టాప్‌లో ఏముంది అని మాత్రం ఎవరూ అడగరు.

ఉర్దూ, తెలుగు రెండూ వాడే ఇళ్లలో, దుకాణాల్లో ఈ ప్రశ్నకు చాలా బరువుంది. పెండ్లి కార్డుల డిజైన్లు, మసీదు కమిటీ లెక్కలు, మదర్సా రిజిస్టర్లు, నానా రాసిన గజళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. వీటిలో చాలా ఫైళ్లు విండోస్‌లో తప్ప మరోచోట సరిగా తెరుచుకోవు. అందుకే ప్లాట్‌ఫాం మారాలా వద్దా అన్నది ధర చూసో, మెరుపు చూసో తేల్చే విషయం కాదు. ముందు ఫైళ్లు చూడాలి, మెషీన్ సంగతి ఆ తర్వాత.

ఈ ప్రశ్న ఎందుకు వచ్చింది?

విండోస్ 10 విడుదలైంది 2015 జూలైలో. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఒకటి ఉంది. దాని గడువు 2026 అక్టోబర్ 13. గడువు దాటితే కంప్యూటర్ ఆగిపోదు, ఎప్పటిలాగే నడుస్తుంది. కొత్తగా బయటపడే లోపాలకు మందు మాత్రం ఉండదు. ఇంటర్నెట్‌లో బ్యాంకు పనులు చేసేవారికి అది ప్రమాదమే.

అదే మెషీన్‌లో విండోస్ 11 వేసుకుందామంటే అన్నిట్లో కుదరదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. అంటే 2017కు ముందు కొన్న చాలా ల్యాప్‌టాప్‌లు, ఎంత బాగా నడుస్తున్నా సరే, ఈ లెక్కలో ఫెయిల్ అవుతాయి. ఎలాగూ కొత్తది కొనాల్సిందే అన్నప్పుడు "మారిపోతే పోలా" అనే ఆలోచన రావడం సహజం.

అసలు చిక్కు: ఇన్‌పేజ్, అను ఫైళ్లు

ఉర్దూ నస్తాలిక్ లిపిని కంప్యూటర్‌లోకి తేవడం చాలాకాలం పెద్ద సమస్యగా ఉండేది. అక్షరాలు ఏటవాలుగా కిందికి జారుతూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. 1981లో ఖుష్‌నవీస్ మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాతతో నూరీ నస్తాలిక్ తయారైంది. పదాల ముక్కలను వేలాది కూర్పులుగా రాసి పెట్టడమే దాని కిటుకు. 1994లో ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఇన్‌పేజ్ ఆ అందాన్ని మామూలు కంప్యూటర్‌లోకి దించింది. ఆ తర్వాత ఉర్దూ పత్రికలు, పుస్తకాలు, హైదరాబాద్ ఛత్తా బజార్ ప్రెస్సుల్లో అచ్చయ్యే షాదీ రుఖాలు ఎక్కువగా దాని మీదే ఆధారపడ్డాయి.

తెలుగు డీటీపీ కథా ఇలాంటిదే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేయడం ఊరూరా అలవాటైంది. కరపత్రాలు, ఫ్లెక్సీలు, పంచాయతీ నోటీసులు ఎన్నో అలా తయారైనవే.

ఈ పాత పద్ధతులన్నిటికీ ఒకే లోపం ఉంది. అక్షరాన్ని అక్షరంగా దాచవు. అను ఫాంట్‌లో 'క' అని కనిపించే చోట కంప్యూటర్ లోపల ఉండేది ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. దాని మీద తెలుగు బొమ్మ తొడిగారు, అంతే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే బొమ్మ ఊడిపోయి పిచ్చి గీతలు మిగులుతాయి. పాత ఇన్‌పేజ్ 2 ఫైళ్లు కూడా సొంత సంకేతాల్లో రాసుకున్నవే. వేరే ప్రోగ్రాంలకు అవి అర్థం కావు.

ఇప్పుడు మ్యాక్‌కు మారితే ఏమవుతుంది? అను ఫాంట్ ఫైలును కాపీ చేసుకుంటే పాత అక్షరాలు కనిపించవచ్చు. కానీ టైప్ చేయించే కీబోర్డు ప్రోగ్రాం విండోస్ కోసం చేసింది. పాత పేజ్‌మేకర్ నేటి మ్యాక్‌లలో నడవదు. షాపులో ఏళ్లుగా వాడుతున్న ఇన్‌పేజ్ విండోస్ కాపీ కూడా మ్యాక్‌లో నేరుగా ఎక్కదు. కొత్త మెషీన్ టేబుల్ మీద మెరుస్తూ ఉంటుంది, పని మాత్రం పాతదాని దగ్గరే ఆగిపోతుంది.

యూనికోడ్‌కు మార్చితే సగం సమస్య తీరినట్టే

దీనికి మందు యూనికోడ్. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చే పద్ధతి ఇది. 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఇందులో తెలుగు ఉంది. వాట్సాప్‌లో పంపే తెలుగు, ఉర్దూ మెసేజ్‌లు ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనిపించేది దీనివల్లే. ఫైలు యూనికోడ్‌లో ఉంటే విండోస్, మ్యాక్, లినక్స్ ఏదైనా ఒకటే.

ఇన్‌పేజ్ కొత్త వెర్షన్లు యూనికోడ్‌ను అర్థం చేసుకుంటాయి. వాటిలో పాత ఫైలు తెరిచి, మ్యాటర్‌ను కాపీ చేసి వర్డ్‌లోకి తెచ్చుకోవచ్చు. అను మ్యాటర్‌ను యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లూ దొరుకుతున్నాయి. అయితే కన్వర్టర్ చేసిందంతా కరెక్ట్ అనుకుంటే మోసపోతారు. తెలుగులో ఒత్తులు ఎగిరిపోతాయి, లేదా పక్క అక్షరానికి అతుక్కుంటాయి. ఉర్దూలో అంకెల వరుస తారుమారు కావచ్చు.

ఉర్దూలో కంటికి కనిపించని ఇబ్బంది ఇంకొకటి ఉంది. అరబిక్ 'యే', ఉర్దూ 'ఛోటీ యే' పదం మధ్యలో ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు అక్షరాలు. అరబిక్ 'కాఫ్', ఉర్దూ 'కాఫ్' కూడా అంతే. కన్వర్టర్ ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే పేజీ చూడ్డానికి చక్కగానే ఉంటుంది. కానీ రిజిస్టర్‌లో ఒక పేరు వెతికితే "లేదు" అని వస్తుంది. పెండ్లి కార్డులో తప్పు ఎవరో ఒకరి కంట పడుతుంది. నిఖా రికార్డులోనో, ఖబ్రస్తాన్ జాబితాలోనో దొర్లిన ఇలాంటి తప్పు ఏళ్లపాటు ఎవరికీ తెలియదు. అందుకే పేర్లు, తేదీలు, అంకెలు ఉన్న ఫైళ్లను మార్చాక పాత ప్రింటు పక్కన పెట్టుకుని లైను లైను సరిచూడాలి.

ప్రతి ఫైలుకూ ఒక పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోవడం మంచిది. రూపం ఎక్కడైనా అలాగే కనిపిస్తుంది. కానీ పాత ఫాంట్‌తో తీసిన పీడీఎఫ్ నుంచి మ్యాటర్ కాపీ చేస్తే మళ్లీ పిచ్చి గీతలే వస్తాయి. కాబట్టి పీడీఎఫ్‌ను సాక్ష్యంగా దాచుకోవాలి తప్ప యూనికోడ్ కాపీకి బదులుగా అనుకోకూడదు.

కొత్తగా టైప్ చేసుకోవడానికి ఇప్పుడు ఎక్కడా లోటు లేదు. విండోస్‌లో తెలుగుకు గౌతమి, నిర్మల ఫాంట్లు, ఉర్దూకు ఉర్దూ టైప్‌సెట్టింగ్ ఉన్నాయి. మ్యాక్‌లో తెలుగు సంగం, కోహినూర్ తెలుగు, నోటో నస్తాలిక్ ఉర్దూ వస్తాయి. లినక్స్‌లో నోటో, లోహిత్ కుటుంబాలు ఉన్నాయి. మండలి, రామభద్ర లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

ఎవరికి ఏది సరిపోతుంది?

విండోస్‌లోనే ఉండాల్సినవారు: రోజూ ఇన్‌పేజ్, అను, పేజ్‌మేకర్ మీద పనిచేసే ప్రెస్సులు, జిరాక్స్ సెంటర్లు. ట్యాలీలో లెక్కలు రాసే దుకాణాలు, ఎందుకంటే ట్యాలీప్రైమ్ నేరుగా నడిచేది విండోస్‌లోనే. ఆధార్ వేలిముద్ర పరికరాలతో పనిచేసే సేవా కేంద్రాలు కూడా, ఎందుకంటే వాటి సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్ కోసమే వస్తుంది. జీఎస్టీకి, టెండర్లకు డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారు తమ టోకెన్‌కు మ్యాక్ డ్రైవర్ ఉందో లేదో కనుక్కోకుండా అడుగు వేయకూడదు.

మ్యాక్ గురించి ఆలోచించదగ్గవారు: వీడియో ఎడిటింగ్, ఫొటో పని, ఐఫోన్ యాప్‌ల తయారీ చేసేవారు. బ్యాటరీ ఎక్కువసేపు రావాలనుకునేవారు. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రారంభ ధర అప్పట్లో మన దేశంలో 99,900 రూపాయలు. ర్యామ్, స్టోరేజ్ తర్వాత పెంచుకునే వీల్లేదు, కొనేటప్పుడే సరిపడా తీసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని పాత ఇంటెల్ మ్యాక్ కొనేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వెర్షన్ అని ఆపిల్ ప్రకటించింది. అది కూడా అన్ని ఇంటెల్ మోడళ్లలో ఎక్కదు.

లినక్స్ సరిపోయేవారు: చదువుకునే పిల్లలు, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు, బ్రౌజర్, ఆఫీస్ ఫైళ్లతో పని గడిచేవారు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు నడుస్తున్నాయి. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తోంది. ఉబుంటు ఎల్‌టీఎస్ వెర్షన్ ఒకటి వేసుకుంటే ఐదేళ్లు ఉచితంగా అప్‌డేట్లు వస్తాయి. లిబ్రే ఆఫీస్‌లో తెలుగు, నస్తాలిక్ రెండూ బాగానే కనిపిస్తాయి. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌కు ఇది రెండో జన్మ లాంటిది. ప్రింటర్, స్కానర్ మాత్రం ముందే పరీక్షించుకోవాలి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు కాబట్టి ఆ పరీక్షకు రూపాయి ఖర్చు కాదు.

క్రోమ్‌బుక్ ఇంటర్నెట్ మీదే నడిచే చదువులకు సరిపోతుంది. డీటీపీకి, ట్యాలీకి పనికిరాదు.

"మ్యాక్‌లోనే విండోస్ వేసుకోవచ్చు కదా?"

వేసుకోవచ్చు, కానీ పాతకాలంలా కాదు. ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ద్వారా మామూలు విండోస్ ఎక్కేది. 2020 నవంబర్‌లో ఎం1 చిప్ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ప్యారలల్స్ లాంటి ప్రోగ్రాం కొని, అందులో ఆర్మ్ రకం విండోస్ 11 నడపాలి. మామూలు ప్రోగ్రాంలు అందులో చాలావరకు పనిచేస్తాయి. డ్రైవర్లు అవసరమైనవి దగ్గరే బండి ఆగుతుంది. డాంగిల్ లాక్ పెడితేనే తెరుచుకునే డీటీపీ సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్, వేలిముద్ర పరికరం, సంతకం టోకెన్ వీటికి ఆర్మ్ డ్రైవర్ లేకపోతే పనిచేయవు.

ఈ చిక్కు మ్యాక్‌కే పరిమితం కాదు. 2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా ఆర్మ్ రకమే. పెట్టె మీద విండోస్ అని ఉంది కదా అని కొనేస్తే డాంగిల్ దగ్గర చిక్కుకునే ప్రమాదం ఉంది. ప్రెస్సువాళ్లు ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ అని అడిగి మరీ తీసుకోవాలి.

గల్ఫ్ నుంచి తెప్పించేటప్పుడు

ధర తక్కువని తొందరపడొద్దు. వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో బిల్లు రాయించే ముందే కనుక్కోవాలి. అక్కడి కీబోర్డుపై ఇంగ్లిష్‌తో పాటు అరబిక్ అక్షరాలుంటాయి. ఉర్దూలో ఉండే టే, డాల్, డే, బడీ యే వంటివి అరబిక్ కీబోర్డు మీద ఉండవు. కాబట్టి ఉర్దూ లేఅవుట్ విడిగా పెట్టుకోవాల్సిందే. సౌదీ, యూఏఈలలో వాడే చార్జర్ ప్లగ్గు మన సాకెట్‌లో పట్టదు, అడాప్టర్ కావాలి.

మారేముందు చేయాల్సిన పనులు

1. వారం రోజులు ఏ ప్రోగ్రాం వాడితే దాని పేరు కాగితం మీద రాయాలి. పరికరాలు కూడా. కొత్త ప్లాట్‌ఫాంలో ఏవి నడవవో ఆ జాబితా చూస్తే తెలిసిపోతుంది.

2. ఇన్‌పేజ్, అను ఫైళ్లను విడిగా ఒక ఫోల్డర్‌లోకి చేర్చాలి. ముఖ్యమైనవాటిని యూనికోడ్‌లోకి మార్చి సరిచూడాలి. ప్రోగ్రాం బతికి ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

3. బ్యాకప్ రెండు చోట్ల ఉండాలి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే విండోస్, మ్యాక్ రెండూ చదివి రాస్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది, మామూలుగా అందులో రాయలేదు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీ డిస్క్‌నే వాడాలి.

4. ధరలో ల్యాప్‌టాప్ ఒక్కటే లెక్కేయొద్దు. మళ్లీ కొనాల్సిన సాఫ్ట్‌వేర్, అడాప్టర్లు, కొత్త పద్ధతి చేతికి అలవాటయ్యేదాకా నెమ్మదించే పని, ఇవన్నీ ఖర్చే.

5. పాత ల్యాప్‌టాప్‌ను ఎక్స్‌చేంజ్‌లో వెంటనే ఇచ్చేయొద్దు. ఇంటర్నెట్ తీసేసి, కనీసం ఆరు నెలలు ఇన్‌పేజ్ పనికి, పాత ఫైళ్లు తెరవడానికి ఉంచుకోవాలి. ఎక్స్‌చేంజ్‌లో వచ్చే నాలుగైదు వేల కన్నా అందులో మరిచిపోయిన ఒక్క ఫైలు విలువ ఎక్కువ కావచ్చు.

ఈ ఐదూ పూర్తయ్యాక జాబితాలో విండోస్‌కే కట్టుబడిన పనులు మిగిలితే విండోస్‌లోనే ఉండటం తెలివైన పని. ఏమీ మిగలకపోతే మ్యాక్ అయినా, లినక్స్ అయినా జేబుకు తగ్గట్టు ఎంచుకోవచ్చు. నానా గజళ్లు యూనికోడ్‌లోకి చేరాయంటే, వాటిని తర్వాతి తరం ఏ మెషీన్ మీదైనా చదువుకోగలదు.