వెళ్లేటప్పుడు కొండ రైలు, వచ్చేటప్పుడు బస్సు: అరకు ఒక్కరోజు యాత్రకు జహీరాబాద్ కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

అనంతగిరి అనగానే జహీరాబాద్ వాళ్లకు ముందు గుర్తొచ్చేది వికారాబాద్ దగ్గరి కొండలే. మూసీ నది పుట్టేది అక్కడే. సెలవు రోజు పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. ఇదే పేరుతో ఇంకో అనంతగిరి కూడా ఉంది. అది విశాఖపట్నం నుంచి అరకు లోయకు వెళ్లే ఘాట్ రోడ్డు మీద, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. రెండు చోట్లా ప్రభుత్వ పర్యాటక బసలకు 'హరిత' అనే పేరే ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్‌లో గది బుక్ చేసేవాళ్లు జిల్లా పేరు చూసుకోవాలి.

ఈ రెండో అనంతగిరి మీదుగా సాగేదే అరకు యాత్ర. పొద్దున విశాఖలో రైలెక్కి కొండల మీదికి వెళ్లడం, లోయ చూసుకుని సాయంత్రం బస్సులో కిందికి దిగడం. ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ, ఐఆర్‌సీటీసీ చాలాకాలంగా ఈ పద్ధతిలోనే 'రైలు కమ్ రోడ్డు' ప్యాకేజీలు నడుపుతున్నాయి. సొంతంగా వెళ్లేవాళ్లకూ ఇదే వీలైన దారి. అయితే నమాజ్, హలాల్ భోజనం, పెద్దవాళ్ల మోకాళ్లు, పిల్లల వాంతులు, అన్నీ ఒక్క రోజులో సర్దుకోవాలి. అందుకే ఏం చూడాలనే దానికంటే ఏది వదిలేయాలన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ రైలు మార్గం కథ

ఊటీ రైలు మీటర్ గేజ్ మీద నడుస్తుంది. డార్జిలింగ్ రైలుది ఇంకా సన్నని నారో గేజ్. ఆ రెండూ బ్రిటిష్ కాలంలో వచ్చినవి, చిన్న పెట్టెల బండ్లు. అరకు మార్గం అలా కాదు. మన వికారాబాద్, బీదర్ లైనులాగే ఇది కూడా మామూలు బ్రాడ్ గేజ్. పెద్ద పెట్టెలతో, పూర్తి పొడవు రైలే కొండెక్కుతుంది.

దీన్ని కొత్తవలస–కిరండోల్ మార్గం అంటారు. క్లుప్తంగా కేకే లైన్. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. మొత్తం పొడవు సుమారు 446 కిలోమీటర్లు, 58 సొరంగాలు. అంటే ఇది టూరిస్టుల కోసం వేసిన లైను కాదు. ఇప్పటికీ ఎక్కువగా తిరిగేవి ఖనిజం మోసే గూడ్సు బండ్లే. వాటికి దారి ఇవ్వడం కోసం ప్రయాణికుల రైలు అప్పుడప్పుడు స్టేషన్లలో ఆగిపోతుంది. అరగంటో గంటో ఆలస్యమైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

విశాఖ–కిరండోల్ రైలు ఉదయం ఏడు గంటలకు కాస్త ముందు బయల్దేరుతుంది. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట వరకు మైదానమే. శివలింగపురం దాటాక అసలు కొండ మొదలవుతుంది. అక్కడి నుంచి తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. కశ్మీర్ లైను రాకముందు దేశంలో ఎత్తైన బ్రాడ్ గేజ్ స్టేషన్ అని దీన్నే చెప్పేవారు. అరకు చేరేసరికి సుమారు పదకొండవుతుంది.

ఈ రైలుకు 2017 ఏప్రిల్‌లో అద్దాల పెట్టె తగిలించారు. పేరు విస్టాడోమ్. పైకప్పులోనూ అద్దాలుంటాయి, కుర్చీలు తిప్పుకోవచ్చు. కుటుంబమంతా ఎదురెదురుగా కూర్చోవచ్చు కాబట్టి ఆడవాళ్లకు, పిల్లలకు ఇది సౌకర్యమే. కానీ సీట్లు తక్కువ. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, సీజన్‌లో త్వరగా నిండిపోతుంది. దొరక్కపోతే మామూలు పెట్టెలోనూ అవే కొండలు, అవే సొరంగాలు. అయితే పిల్లలు కిటికీలోంచి చేతులు బయటపెట్టకుండా, తలుపు దగ్గర నిలబడకుండా చూసుకోవాలి. ఐదేళ్లు దాటిన పిల్లలకు సీటు కావాలంటే పూర్తి టికెట్టే. పెద్దలకు ఉండే సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చి నుంచి నిలిచిపోయింది.

జహీరాబాద్ నుంచి విశాఖకు

జహీరాబాద్ నుంచి హైదరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు. తెలంగాణ మహిళలకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద టికెట్ లేదు, గుర్తింపు కార్డు చాలు. ఆ పథకం ఆంధ్రప్రదేశ్ బస్సుల్లో పనిచేయదు.

హైదరాబాద్ నుంచి విశాఖకు రైల్లో సుమారు 700 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్లు సాయంత్రం బయల్దేరి మర్నాడు పొద్దున చేరతాయి. సికింద్రాబాద్ నుంచి వందేభారత్ అయితే సుమారు ఎనిమిదిన్నర గంటల ప్రయాణం.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. రాత్రి రైలు దిగి, అదే పొద్దున అరకు రైలు ఎక్కేద్దామనుకుంటారు. హైదరాబాద్ రైలు కాస్త లేటైతే అరకు రైలు తప్పిపోతుంది, రెండు నెలల ముందు తీసిన టికెట్ వృథా అవుతుంది. అందుకని ఒక రోజు ముందే విశాఖ చేరి, రాత్రి స్టేషన్‌కు దగ్గర్లో బస చేయడం మంచిది. ఆ మిగిలిన రోజున సముద్రం చూడొచ్చు, పాత పట్నంలో ఓడరేవు పక్కన కొండ మీదున్న ఇషాక్ మదీనా దర్గాకు వెళ్లిరావచ్చు. అక్కడ ఒకదాని పక్కన ఒకటిగా మూడు కొండలుంటాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి, ఇంకోదాని మీద వెంకటేశ్వర ఆలయం.

నమాజ్ వేళలు: ఇరవై నిమిషాల తేడా

జహీరాబాద్ మసీదు క్యాలెండర్ విశాఖలో పనికిరాదు. విశాఖ మనకంటే ఐదు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన అక్కడ సూర్యుడు ఇరవై నిమిషాలకు పైనే ముందు నడుస్తాడు. ఫజ్ర్ ముందే మొదలై ముందే అయిపోతుంది, మగ్రిబ్ కూడా ముందే వస్తుంది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దుగూకిపోతుంది. ఫోన్‌లో నమాజ్ వేళల యాప్ ఉంటే ఊరు మార్చుకోవాలి.

ఫజ్ర్ బసలోనే చేసుకుని స్టేషన్‌కు వెళ్లొచ్చు. జుహ్ర్ అరకులో భోజనానికి ముందు. అసర్ బొర్రా దగ్గర. మగ్రిబ్ కొండ దిగాక శృంగవరపుకోట ప్రాంతంలో. ఇక్కడ ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. సంచిలో ఒక జానమాజ్, వజూకు రెండు బాటిళ్ల నీళ్లు అదనంగా ఉంటే వెతుక్కునే పని ఉండదు.

జహీరాబాద్ నుంచి ఇంత దూరం వెళ్లి పదిహేను రోజుల కంటే తక్కువ ఉండేవాళ్లు హనఫీ మస్లక్ ప్రకారం ముసాఫిర్లు. నాలుగు రకాత్‌ల ఫర్జ్‌లు రెండుగా ఖస్ర్ చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమామ్ వెనక జమాత్‌లో చేస్తే నాలుగూ పూర్తి చేయాలి. రెండు నమాజ్‌లు కలిపి చేసుకోవచ్చా అనే దాంట్లో మస్లక్‌ల మధ్య తేడా ఉంది కాబట్టి బయల్దేరే ముందు మొహల్లా ఇమామ్ సాబ్‌ను అడగడం మేలు.

భోజనం

అరకు అంటే చాలామంది చెప్పేది బొంగు చికెన్. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. నూనె పెద్దగా పట్టదు. వంట విధానంలో అభ్యంతరం ఏమీ లేదు, చూసుకోవాల్సింది జబీహా ఒక్కటే. కోడిని ఎవరు కోశారో మర్యాదగా అడగొచ్చు, అమ్మేవాళ్లు మామూలుగానే చెప్తారు. నమ్మకం కుదరకపోతే శాకాహార భోజనం తీసుకోవచ్చు. మొదటి పూటకు ఇంటి నుంచే రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, పొడి కూర, పండ్లు తెచ్చుకున్న కుటుంబాలకు ఈ బెంగ ఉండదు. మాంసం కూర మాత్రం రెండో రోజుకు దాచకూడదు, ప్రయాణం వేడికి పాడవుతుంది.

ఏం చూడాలి, ఏది వదిలేయాలి

ప్యాకేజీల జాబితాలో పద్మపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, ధింసా నాట్యం, గాలికొండ వ్యూ పాయింట్, కాఫీ తోటలు, బొర్రా గుహలు, తైడ అన్నీ ఉంటాయి. రైలు లేటైతే అన్నీ పరుగు మీద చూడాల్సి వస్తుంది. సొంత బండి మాట్లాడుకున్నవాళ్లు అరకులో ఒకటి, దారిలో ఒకటి, చివరికి బొర్రా అని పెట్టుకుంటే చాలు.

అరకులో పిల్లలుంటే మ్యూజియం మేలు. కొండ మీది గిరిజనుల ఇళ్లు, పనిముట్లు, నగలు, పండుగలు అక్కడ చూపిస్తారు. బయట పల్లెల్లో మనుషుల ఫొటోలు తీసేటప్పుడు అడిగి తీయాలి. మన ఆడవాళ్లను ఎవరైనా అడక్కుండా ఫొటో తీస్తే ఎలా ఉంటుందో వాళ్లకూ అంతే. నవంబర్, డిసెంబర్‌లో వెళ్తే పొలాల్లో వలిసె పూలు పచ్చగా విరబూసి కనిపిస్తాయి.

అనంతగిరి కాఫీ తోటల్లో పొడవాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియం తీగలు ఉంటాయి. ఒకే నేలలో నీడ, కాఫీ, మిరియాలు మూడూ పండుతాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బొర్రా గుహలు సున్నపురాయివి. వాన నీరు గాల్లోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. అది రాయిని కొంచెం కొంచెంగా కరిగించి, పైకప్పు నుంచి చుక్కలుగా కారుతూ సున్నాన్ని వదిలిపెడుతుంది. అలా పైనుంచి వేలాడేవి, కింద నుంచి లేచేవి రాతి ఆకారాలు తయారవుతాయి. వేల ఏళ్ల పని ఇది. ఇక్కడి గోస్తనీ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుహలో హిందువులు పూజించే శివలింగం ఉంది, అక్కడ గుంపుగా నిలబడి సందడి చేయకుండా ముందుకు సాగడం మర్యాద.

గుహలోకి చాలా మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. నేల తడిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న నానీమా, దాదాజాన్‌లు పైన కూర్చోవడమే మంచిది, తోడుగా ఒకరు ఉండాలి. బయట కోతులు ఎక్కువ. చేతిలో తినుబండారాలు పట్టుకుని తిరగకూడదు.

చీకటి పడకముందే ఘాట్ దిగాలి

2021 ఫిబ్రవరి 12న హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం అరకు చూసి తిరిగి వెళ్తుండగా, అనంతగిరి మండలం డముకు దగ్గర వాళ్ల బస్సు లోయలో పడింది. నలుగురు చనిపోయారు. అప్పటికి పొద్దుగూకి చీకటి పడింది.

ఈ ఘాట్‌లో మలుపులు ఎక్కువ. దూరం నుంచి ఇంటి బండిలోనే వచ్చి, రాత్రంతా నడిపిన డ్రైవర్‌తోనే కొండెక్కి దిగడం ప్రమాదం. విశాఖలో ఈ దారి రోజూ తిరిగే డ్రైవర్‌ను మాట్లాడుకుంటే ఖర్చు కొంచెం పెరిగినా ఆ భయం తగ్గుతుంది. వాంతులయ్యే పిల్లలకు దిగేముందు కడుపు నిండా తినిపించకూడదు, ముందు సీట్లో కూర్చోబెడితే కొంత నయం.

వెలుతురులోనే దిగాలంటే చలికాలంలో వేళలు ఇలా ఉండాలి:

ఉదయం 6:15: విశాఖ స్టేషన్‌లో ఉండాలి.
ఉదయం 11:00: అరకు. మ్యూజియం లేదా గార్డెన్స్, రెండిట్లో ఒకటే.
మధ్యాహ్నం 12:30: జుహ్ర్, భోజనం.
1:30: అరకు నుంచి బయల్దేరాలి. కాఫీ తోట దగ్గర కాసేపు ఆగొచ్చు.
3:00: బొర్రా. గుహల ప్రవేశం సాధారణంగా ఐదింటి వరకు.
4:00 దాటాక: అసర్ చేసుకుని వెంటనే దిగడం మొదలుపెట్టాలి.
రాత్రి 8:00 ప్రాంతంలో: విశాఖ.

రైలు గంటకు మించి లేటైతే వదిలేయాల్సింది మ్యూజియం, తోట. బొర్రా చేరేసరికే నాలుగు దాటితే గుహను కూడా వదిలేసి దిగిపోవడమే మంచిది. వానాకాలంలో కొండచరియలు విరిగి పట్టాల మీద పడితే రైలు రద్దవుతుంది కాబట్టి ముందు రోజు రాత్రి రైలు నడుస్తోందో లేదో చూసుకోవాలి. చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కువమంది ఉన్న కుటుంబాలు ఈ ఒక్కరోజు లెక్కను పక్కనపెట్టి, అరకులోనే ఒక రాత్రి ఉండి మర్నాడు పొద్దున వెలుతురులో బొర్రా చూసుకుంటూ దిగితే ఎవరికీ తొందర ఉండదు.