గావుంపాలిక: నేపాల్ గ్రామీణ పాలన, జనాభా

గావుంపాలిక అంటే నేపాల్ గ్రామీణ ప్రాంతాల స్థానిక ప్రభుత్వం. 2015 సెప్టెంబరు 20న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం సమాఖ్య, ప్రదేశ్, స్థానిక అనే మూడంచెల పాలనను ఏర్పరచగా, అంతకుముందటి స్థానిక సంస్థలైన గ్రామ వికాస సమితులను కలిపి 2017 మార్చి 10న గావుంపాలికలను నెలకొల్పారు. రద్దయిన సమితులెన్ని అన్నదానిపై ఆధారాలు ఏకీభవించవు. 3,900 పైచిలుకు అనేవి 2011 జనగణన నాటి లెక్కను అనుసరించాయి. ఆ తర్వాత చాలా సమితులు పురపాలికల్లో కలిసిపోయాయి కనుక, రద్దు నాటికి మిగిలినవి 3,157 అన్న లెక్కే నమ్మదగినదిగా తోస్తుంది. స్థానిక సంస్థల మొత్తం కూడా తొలి ప్రకటనలో 744. తర్వాతి మార్పులతో 753కు చేరింది. వీటిలో 460 గావుంపాలికలు.

ప్రతి వార్డుకూ ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. సభ్యుల్లో ఇద్దరు మహిళలు, వారిలో ఒకరు దళిత మహిళ కావాలి. వార్డు అధ్యక్షులంతా గావుంపాలిక కార్యనిర్వాహక మండలి అయిన కార్యపాలికలో సభ్యులు. గావుంపాలిక ఉపాధ్యక్ష పదవి అలంకారప్రాయమైనది కాదు: న్యాయిక సమితికి సారథ్యం ఆ పదవిదే. పొలం గట్టు తగాదా, సాగు కాలువ నీటి వంతు, పరుల పశువులు మేసిన పైరు, అందని కూలి, ఇలాంటి ఫిర్యాదులన్నీ అక్కడికే వస్తాయి. అధ్యక్ష, ఉపాధ్యక్ష స్థానాలు రెండింటికీ అభ్యర్థులను నిలిపే పార్టీ ఒకరినైనా మహిళను నిలపాలన్న నియమం వల్ల 2017లో ఆ తీర్పరి పీఠం చాలాచోట్ల మహిళలకు దక్కింది. 2022 మే 13 ఎన్నికల్లో పార్టీలు పొత్తు కుదుర్చుకుని ఒక్కో స్థానానికే పోటీ చేయడంతో ఆ నియమం చాలావరకు పట్టు కోల్పోయింది. సమితుల విలీనంతో కార్యాలయం ఊరికి దూరమైందన్న విమర్శ ఉంది. జనన, మరణ, వలస నమోదులు, పౌరసత్వ పత్రానికి కావలసిన సిఫారసు వార్డు కార్యాలయంలోనే దొరుకుతాయి కనుక నిత్యావసరాల విషయంలో ఆ విమర్శకు బలం తక్కువ. బడ్జెట్, న్యాయిక సమితి మాత్రం గావుంపాలిక కేంద్రంలోనే ఉంటాయి. 2,400 చదరపు కిలోమీటర్లు దాటిన హుమ్లా జిల్లాలోని నామ్ఖా వంటి చోట్ల ఆ విమర్శను తోసిపుచ్చలేం.

జనాభా అంకెల్ని ఇంకా జాగ్రత్తగా చదవాలి. 2021 జనగణనలో దేశ జనాభా 2,91,64,578. అందులో గావుంపాలికల వాటా సుమారు 34 శాతం, మిగతా 66 శాతం పట్టణ సంస్థలది. 2011లో పట్టణ వాటా 17 శాతమే కాబట్టి పదేళ్లలో పల్లెలు ఖాళీ అయ్యాయని రాసినవారున్నారు. ఆ నిర్ణయం నిలవదు. 2017 సరిహద్దులతో 2011 జనాభానే తిరిగి లెక్కగడితే పట్టణ వాటా అప్పటికే 60 శాతం దాటుతుంది. అంటే పెరుగుదలలో అత్యధిక భాగం గీత మారడం వల్ల వచ్చినదే. గణాంక కార్యాలయమే జనసాంద్రత ఆధారంగా చేసిన వర్గీకరణలో పట్టణం సుమారు 27, పట్టణ శివార్లు 40, గ్రామీణం 33 శాతంగా తేలాయి. ఈ 33, గావుంపాలికల 34 దాదాపు సమానం కదా, పాలనా సరిహద్దు సరైనదేనని ఒప్పుకోవచ్చు కదా అనే ఆక్షేపణ రావచ్చు. కానీ పురపాలికల్లో పొలాలతో నిండిన వార్డులు ఉన్నట్టే, గావుంపాలికల్లో బజారుగా మారిన వార్డులూ ఉన్నాయి. మొత్తాలు కలిసినంత మాత్రాన మనుషులు వారే కారు. పైగా గావుంపాలిక అన్న మాట ఏ పరిమాణాన్నీ సూచించదు: 2011లో మనాంగ్ జిల్లా నార్పా భూమిలో 538 మంది ఉండగా, తరాయిలోని బైజనాథ్‌లో 50,000 దాటారు.

ఊళ్లు నిజంగా ఖాళీ అవుతున్నాయన్నదానికి గట్టి సాక్ష్యం వేరేచోట ఉంది. 2021లో విదేశాల్లో ఉన్నట్టు కుటుంబాలు చెప్పినవారు దాదాపు 21.9 లక్షలు, అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా పురుషులు. వీరిని స్థానిక జనాభాలో కలపరు. దేశం మొత్తం మీద ప్రతి 100 మంది స్త్రీలకు 96 మంది లోపే పురుషులు తేలడానికి ఇదొక ముఖ్య కారణం. కొండ ప్రాంతపు గావుంపాలికల్లో ఈ లోటు మరింత ప్రస్ఫుటం. సమాఖ్య ప్రభుత్వం పంచే సమానీకరణ నిధులకు జనాభా ఒక కొలమానం కాబట్టి, గల్ఫ్ దేశాలకో మలేసియాకో వెళ్లిన ప్రతి యువకుడితో అతని గావుంపాలిక గణనలో ఒకరిని కోల్పోతుంది. అతని తల్లిదండ్రుల వృద్ధాప్య భత్యం పని, పిల్లల బడి బాధ్యత మాత్రం ఆ పాలికపైనే ఉంటాయి.