గుంటూరు గ్రహణం నుండి క్వాంటం కంప్యూటర్ వరకు

వైద్యునికి రోగనిర్ధారణ ఎంత ముఖ్యమో, రసాయన శాస్త్రజ్ఞునికి పదార్థ నిర్ధారణ అంత ముఖ్యం. ఎదుటనున్న పదార్థం ఏమిటో తెలియనిదే దానిని ఏ వర్గంలో చేర్చాలో, దేనికి వాడాలో తెలియదు. నేడు ఈ పనిలో క్వాంటం కంప్యూటర్ సాయం తీసుకునే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఆ ప్రయత్నాల వెనుకనున్న చరిత్రలో మన గుంటూరుకూ స్థానముంది.

1859లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్‌సెన్, కిర్కాఫ్ అనే శాస్త్రజ్ఞులు కలిసి, మంటలో వేడెక్కిన మూలకాన్ని అది వెలువరించే వర్ణరేఖలను బట్టి గుర్తుపట్టే పద్ధతిని రూపొందించారు. దానితోనే 1860లో సీజియం, 1861లో రుబీడియం బయటపడ్డాయి. రక్తంలోని సోడియం, పొటాషియంలను కొలవడానికి మా తరం వైద్యులు ఆధారపడిన ఫ్లేమ్ ఫోటోమీటర్‌కు మూలం ఈ సూత్రమే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుండి సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ గ్రహణాన్ని చూసినవారి దృష్టికి వచ్చిన ఒక పసుపురేఖను తొలుత సోడియానిదిగా భావించారు. అది సోడియం రేఖలతో సరిపోలడం లేదని ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకయర్ గమనించాడు. అదే హీలియం. భూమిమీద దానిని రామ్సే కనుగొన్నది 1895లో. నేడు ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలను చల్లగా ఉంచేది ద్రవ హీలియమే.

ఈ రేఖలు ఎందుకు ఏర్పడతాయో 1913లో బోర్ హైడ్రోజన్ విషయంలో వివరించాడు. 1926లో ష్రోడింగర్ సమీకరణం వెలువడింది. అయితే సూత్రాలు తెలిసినా లెక్క కట్టడం దుస్సాధ్యమని 1929లోనే డిరాక్ గుర్తుచేశాడు. రెండేసి స్థితులుగల 30 కణాల సముదాయాన్ని పూర్తిగా వర్ణించాలంటే 107 కోట్లకు పైగా సంఖ్యలు కావాలి. మరొక్క కణం చేరితే అవి రెట్టింపవుతాయి. ప్రకృతి క్వాంటం నియమాలను అనుసరిస్తున్నప్పుడు, గణనయంత్రం కూడా వాటినే అనుసరించాలని 1981లో ఫైన్‌మన్ ప్రతిపాదించాడు.

2014లో ఒక శాస్త్రజ్ఞుల బృందం చిన్న క్వాంటం యంత్రాన్ని, సాధారణ కంప్యూటర్‌ను జతచేసి ఒక అణువు శక్తిని లెక్కించింది. ఆ అణువు హీలియం, హైడ్రోజన్‌ల కలయిక కావడం విశేషం. పదార్థాల శక్తిస్థాయిలను ఇలా ముందుగా గణించగలిగితే, ప్రయోగశాలలో లభించిన వర్ణపటాన్ని వాటితో పోల్చి పదార్థాన్ని గుర్తించడం, వర్గీకరించడం సులభమవుతుంది. ప్రస్తుత యంత్రాలు దోషాలకు లోనవుతున్నందున పెద్ద అణువుల విషయంలో ఈ మార్గం ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

పాఠకులు ఒక్క విషయం గమనించాలి. పిడికిట కడ్డీ పట్టుకుంటే చాలు, శరీరంలోని వ్యాధులన్నీ చెబుతామంటూ ‘క్వాంటం’ పేరిట కొన్ని పరికరాలు అమ్ముతున్నారు. వాటికి పైన చెప్పిన శాస్త్రంతో ఏ సంబంధమూ లేదు. వాటిని నమ్మి రక్తపరీక్షలు మానుకోవడం, మందులు మార్చుకోవడం ప్రాణాపాయం. హీలియం వంటి మూలకం సైతం సూర్యునిలో కనిపించాక, భూమిమీద దొరికి నిర్ధారణ కావడానికి 27 సంవత్సరాలు పట్టింది. ఏ పరీక్షనైనా పేరునుబట్టి కాక, నిరూపణనుబట్టి నమ్మడమే వివేకం.