శ్రుతి దించిన జర్మను దొర

   డబ్లిను నగరమునకు పడమట, కిల్డేరు మండలమున, కుర్రా మైదానమున ఐర్లండు సైన్యపు శిబిరమున్నది. ఆ సైన్యపు బ్యాండు చరిత్రను తలచునపుడెల్ల నాకు స్ఫురించునది మాత్రము ఒక పరదేశి పేరు, ఫ్రిట్జ్ బ్రాసె.

1875లో హానోవరు ప్రాంతమున జన్మించి, లైప్జిగులోను బెర్లినులోను సంగీతవిద్య నభ్యసించి, ప్రష్యా సైన్యమున వాద్యబృంద నాయకుడై పేరుగాంచిన ఈయన, ఓడిన జర్మనీలో సైన్యము కుంచించుకొని పోయిన దినములలో, 1923లో, అప్పుడే పుట్టిన ఐరిషు స్వతంత్ర రాజ్యము పిలువగా సహచరుడు క్రిస్టియన్ సౌవర్ట్‌స్వైగుతో తరలివచ్చి సైనిక సంగీత పాఠశాలను నెలకొల్పెను. అచ్చట అంతర్యుద్ధపు గాయము లింకను పచ్చిగానే యుండెను.

ఆయన పట్టుబట్టిన మొదటి విషయము శ్రుతి. బ్రిటిషు బ్యాండ్లు నాడు మూలస్వరమును సెకనుకు రమారమి 452 కంపనముల యెత్తున నిలుపుచుండగా, ఐరోపా ఖండమున 435 వాడుక. ఈయన తగ్గు శ్రుతినే కోరెను. హార్మోనియములో మెట్టు మార్చినంత సులువుగా ఇత్తడి బూరకు శ్రుతి మారదు: పెద్ద గొట్టమును వెలుపలికి లాగినచో వట్టి స్వరములు దిగును గాని, మీట నొక్కినపుడు తోడగు చిన్న గొట్టములు పాత కొలతలోనే యుండుటచే ఆ స్వరములు దారి తప్పును. కావున వాద్యములన్నిటిని జర్మనీనుండి క్రొత్తగా తెప్పింపవలసివచ్చెను. పెండ్లి ఊరేగింపునకు ముందు మన బ్యాండుమేళమువారు అరుగు చెంత నిలిచి, బూరలలోనికి వెచ్చని ఊపిరి నూదుచు, ఒకరి స్వరమున కొకరు చెవియొగ్గుట చూచినవారికి, ఆ పంతములోని న్యాయము చెప్పకయే తెలియును. బ్రిటనులోని ఇత్తడి బృందములు తమ హెచ్చు శ్రుతిని విడుచుటకు 1960వ దశకము వరకు ఆగినవి!

1923 అక్టోబరులో డబ్లినులోని థియేటర్ రాయల్‌లో మొదటి బృందము ప్రజలయెదుట వాయించెను. 1926 జనవరి 1న ఐరిషు రేడియో నోరు విప్పిన రాత్రి వినబడినదియు ఆయన బృందమే. సంగీతరచనయందు ఆయన ఐరిషు జానపద స్వరములను చేపట్టి ఫాంటసీలు కట్టెను. దేశగీతమునకు బ్యాండు కూర్పునిచ్చెను. ఇవన్నియు గొప్పవే, అయినను నాకు గురువుగానే ఆయన అధికుడు. ఆయనకడ శిక్షణపొందిన ఆర్థర్ డఫ్ స్వరకర్తయై పేరొందెను.

1932లో ఆయన నాజీ పక్షమున చేరి డబ్లిను శాఖకు పెద్దయైన మాటను దాచరాదు. పక్షమో సైన్యమో తేల్చుకొమ్మని అధికారులు శాసింపగా ఆ శాఖ నాయకత్వమును వదలెను గాని, ఆ మచ్చ మాసినది కాదు. శ్రుతిభేదమును వెంట్రుకవాసి యైనను సహింపని చెవి, నాజీల ఘోషలోని అపస్వరమును వినలేకపోవుట నాకు నేటికిని బాధయే.

1940 డిసెంబరులో ఆయన డబ్లినులో కన్నుమూసెను. పాఠశాల సౌవర్ట్‌స్వైగు చేతికిని, పిదప ఐరిషువాడైన జేమ్స్ డోయిల్ చేతికిని వచ్చెను.